ఆబాసాహెబ్ గారి పెట్రోలు ట్యాపు

తాంబట్‌వాడి సహకార చక్కెర కర్మాగారం కార్యవర్గం సెప్టెంబరు సమావేశంలో ఏకగ్రీవంగా ఆమోదించిన పద్నాలుగో తీర్మానం ఇది: "మన సంస్థాపకులు, కీర్తిశేషులు ఆబాసాహెబ్ ఇంగవలే గారి మోటారు సైకిలు కార్బొరేటర్లు కారడం లేదు. ఇకముందు కూడా కారబోవు."

కార్యదర్శి తీర్మానం చదువుతున్నంతసేపూ పక్క హాల్లోంచి టప్పు, టప్పు మని చప్పుడు వస్తూనే ఉంది. ఆయన ఊపిరి తీసుకున్న చోటల్లా ఆ చుక్క సరిగ్గా కామాలాగా పడింది. పెట్రోలు వాసనకి ఆగలేక ఇద్దరు డైరెక్టర్లు ఒక చేత్తో ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని, రెండో చెయ్యి తీర్మానానికి ఎత్తారు. తల తిరుగుతోందని మాత్రం ఎవరూ అనలేదు. కారని పెట్రోలుకి తల తిరగడం క్రమశిక్షణ కాదు.

ఈ తీర్మానం ఎందుకు అవసరమైందంటే, కొల్హాపూర్ పేపరొకటి మూడో పేజీలో చిన్న వార్త వేసింది. స్మృతి భవనంలో ఆబాసాహెబ్ మోటారు సైకిలు నుంచి పెట్రోలు కారుతోందనీ, దానికి అయిదడుగుల దూరంలోనే అఖండ దీపం వెలుగుతోందనీ రాసింది. కార్యవర్గం ఇలాంటి నిరాధారమైన రాతలను సహించే రకం కాదు. వెంటనే మనిషిని పంపి కొలిపించింది. దూరం నాలుగున్నర అడుగులే. పేపరువాళ్ళకి సవరణ పంపించారు.

ఆబాసాహెబ్ సంగతి ఆ తాలూకాలో ఎవరినడిగినా చెబుతారు. అడగకపోయినా చెబుతారు. రెండు కార్బొరేటర్ల పాత ఇంగ్లీషు మోటారు సైకిలు వేసుకుని, ధోవతి పైకి దోపుకుని, ఊరూరా తిరిగి రైతుల చేత వాటాలు కొనిపించి కర్మాగారం కట్టించిన మనిషి. ముప్ఫయ్యొక్క ఏళ్ళ క్రితం ఒక సాయంత్రం అదే బండి మీద ఆఫీసుకి వచ్చారు. బండి గుమ్మం ముందు నిలిపి, లోపలికి వెళ్ళి, కుర్చీలో కూర్చుని, మరి లేవలేదు. జనం బండిని కడిగి, దండ వేసి, హాల్లో పెట్టుకున్నారు. అంతవరకూ మామూలు మనుషులు చేసే పనే.

నాలుగేళ్ళ క్రితం ఆయన మనవడు విక్రాంత్‌సింహ దాదాసాహెబ్ అధ్యక్షులయ్యాక సంస్థ క్రమపద్ధతిలో పడింది. మొదటి సమావేశంలోనే రెండు తీర్మానాలు చేశారు. ఒకటి: ఆబాసాహెబ్ పవిత్ర హస్తం చివరిసారి ఎలా వదిలిపెట్టిందో, పెట్రోలు ట్యాపు ఆచంద్రార్కం అలాగే తెరిచి ఉండాలి. ఎవరూ ముట్టుకోరాదు. రెండు: ఆబాసాహెబ్ జీవించి ఉండగా ఆ బండి ట్యాంకు ఏనాడూ ఖాళీగా లేదు గనుక, ఇకమీదట కూడా ఖాళీగా ఉండరాదు. విడివిడిగా చూస్తే రెండూ బుద్ధిమంతమైన తీర్మానాలే. రెండూ కలిసి కాపురం పెట్టాక పుట్టిన సంతానం ఆ చుక్క.

చుక్క కింద ఒక రాగి పళ్ళెం పెట్టారు. రికార్డుల్లో దాని పేరు 'అలంకార పాత్ర'. అందులో పడేది కాగితం మీద లేదు కాబట్టి అది ఎక్కడికి పోతోందో కూడా కాగితం మీద ఉండాల్సిన పని లేదు. ఉపాధ్యక్షులు బాపూసాహెబ్ గారి అల్లుడు నాలుగేళ్ళుగా పెట్రోలు బంకు వైపు వెళ్ళడం ఎవరూ చూడలేదు. ఆ కుర్రవాడి పొదుపు గురించి ఊళ్ళో గొప్పగా చెప్పుకుంటారు.

ఇక సుమన్ లోహార్. కర్మాగారం గేటు పక్కన రేకుల కొట్టులో మోటారు సైకిళ్ళు బాగుచేస్తుంది. ముప్ఫయ్యారేళ్ళ మనిషి. ఇంజను దగ్గర చెవి పెట్టి వినడం తప్ప మాట్లాడడం తక్కువ. ఆబాసాహెబ్ బండి బాగోగులు చూసింది ఆమె తండ్రి వసంత్ లోహార్. ఆయన పోయాక తండ్రి పానాలతోపాటు కొట్టు కూడా ఆమె చేతికి వచ్చింది. కొట్టు మాత్రం కర్మాగారం స్థలంలో ఉంది. ఏటా చెరకు ఆడే కాలం మొదలయ్యే ముందు, బాయిలరు వెలిగించే రోజున, అధ్యక్షులు ఒక కాగితం మీద సంతకం పెడితే ఇంకో ఏడాది అక్కడ ఉండొచ్చు. ఆమెకీ, చూపు మందగించిన తల్లికీ రెండు పూటలా జొన్న భాకరీ ఆ కాగితం మీదే వస్తుంది.

ఆ ఏడు బాయిలరు వెలిగింపుకి మంత్రిగారు వస్తున్నారు. ఆనవాయితీ ప్రకారం అధ్యక్షులు తాతగారి బండి మీద స్మృతి భవనం నుంచి బాయిలరు గుమ్మం దాకా వెళ్ళి నిప్పు పెట్టాలి. బండి రాకుండా బాయిలరు వెలగదు. బాయిలరు వెలగకుండా గానుగ తిరగదు. మంత్రిగారి తెల్ల పంచె మీద పెట్రోలు పడితే ఏమవుతుందో ఊహించి దాదాసాహెబ్ సుమన్‌కి కబురు పెట్టారు.

ఆమె వెళ్ళేసరికి కార్యవర్గమంతా కూర్చుని ఉంది.

"చూడు సుమన్ తాయీ, ముందు ఒక సంగతి తెలుసుకో. అది కారడం లేదు" అన్నారు దాదాసాహెబ్.

"సరే దాదా."

"ఆ కారకపోవడం బాయిలరు వెలిగింపు లోపల ఆగిపోవాలి."

సుమన్ రవికలోంచి అగ్గిపెట్టె తీసి, అందులో గుడ్డ పేలికలో చుట్టిన రెండు చిన్న ఇత్తడి సూదులు బల్ల మీద పెట్టింది. తండ్రి దాచిపెట్టిన కడ్డీ అరగదీసి తానే తయారుచేసింది. రెండు కార్బొరేటర్లూ విప్పి, అరిగిన సూదులు తీసేసి ఇవి వేస్తే గంట పని అని చెప్పింది.

అది నిజమే. మేడ మీద నీళ్ళ తొట్టిలో ఉండే బంతి మీకు తెలుసు. నీళ్ళు నిండితే బంతి పైకి తేలి గొట్టం మూస్తుంది. కార్బొరేటరులోనూ ఒక చిన్న గిన్నె, అందులో తేలే బంతి, బంతి మీద సూది. సూది అరిగిపోతే గొట్టం మూసుకోదు, గిన్నె పొర్లిపోతుంది. చెరకు తోటల మధ్య మోటారు సైకిలు తోలే ప్రతివాడికీ ఇది తెలుసు. కార్యవర్గంలో పదిహేడు మందికీ తెలుసు. అయితే ఆబాసాహెబ్ బండి విషయంలో తెలిసినట్టు కనబడడం వినయం కాదు.

"విప్పడమా? ఆబాసాహెబ్ కార్బొరేటర్లు విప్పడమా?" అన్నారు దాదాసాహెబ్.

"పోనీ, ట్యాపు మూస్తే క్షణం పని దాదా."

బాపూసాహెబ్ టోపీ తీసి గుండెకి ఆనించుకున్నారు. ఇద్దరు డైరెక్టర్లు కళ్ళు మూసుకున్నారు.

"ముట్టుకోకుండా ఆపు" అన్నారు దాదాసాహెబ్.

"ముట్టుకోకుండా ఎలా ఆపుతారు దాదా?"

"అది మాకు తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాం? పని అయితే నీ కాగితం మీద సంతకం వేదిక మీదే. కాకపోతే..." అని బాపూసాహెబ్ వైపు చూశారు. ఆ స్థలంలో బండ్లు కడిగే సెంటరు పెట్టుకోవాలని బాపూసాహెబ్ అల్లుడు దరఖాస్తు పెట్టుకున్నాడని కార్యదర్శి చదివి వినిపించాడు. కారణాల కింద 'పొదుపు అలవాటు' అని రాసి ఉంది.

కార్యవర్గం చేతులు ముడుచుకు కూర్చుందని అనుకోవద్దు. పుణే నుంచి వారసత్వ వస్తువుల నిపుణుడొకాయన్ని రప్పించారు. ఆయన రెండు రోజులు అతిథి గృహంలో ఉండి, మటనుతో ఎర్ర రసా, తెల్ల రసా రెండూ పరీక్షించి, నలభై పేజీల నివేదిక ఇచ్చారు. అది కారడం కాదని, యంత్రం తన యజమానిని తలుచుకుని కన్నీరు పెడుతోందని తేల్చారు. ఈ మాట అందరికీ నచ్చింది. రెండు కళ్ళకీ రెండు కార్బొరేటర్లు, లెక్క కూడా సరిపోయింది. అయితే శుభకార్యం నాడు ఏడుపు మంచిది కాదని బాపూసాహెబ్ గుర్తు చేయడంతో నివేదికని భద్రపరిచారు.

తరవాత కర్మాగారం రసాయన శాస్త్రవేత్త సీసాలో చుక్కలు పట్టి ప్రయోగశాలకి తీసుకెళ్ళాడు. ఆయన ముప్ఫయ్యేళ్ళుగా చెరకు రసం తప్ప మరొకటి పరీక్షించి ఎరగడు. 'నమూనాలో చక్కెర శాతం సున్నా. గానుగాడటానికి పనికిరాదు' అని రాసి, ముద్ర వేసి ఇచ్చాడు. ఆపైన భవనాల ఇంజనీరు వచ్చి బండి స్టాండు కుడి కాలి కింద ఒక ఇటుక దోపించాడు. బండి ఎడమకి ఒరిగింది. కుడి కార్బొరేటరు ఆగిపోయి ఎడమది రెట్టింపు కారింది. 'కుడి కార్బొరేటరు సమస్య సంపూర్ణంగా పరిష్కారమైనది. యాభై శాతం ప్రగతి' అని ఆ వారం నోటీసు బోర్డు మీద పెట్టారు.

సుమన్‌కి అనుమతించిన వైద్యం ఒక్కటే, సబ్బు. సబ్బు శుభ్రతకు సంబంధించింది కాబట్టి పవిత్రతకు భంగం లేదని కార్యదర్శి నిబంధనలు చూసి చెప్పాడు. బట్టల సబ్బు మెత్తగా పిసికి కారే చోట అంటించింది. ఒకటిన్నర రోజు చుక్క పడలేదు. రెండో రాత్రి ఎలుక సబ్బు తినేసింది. ఎలుక మీద విచారణకి ఉపసంఘం వేశారు.

బాయిలరు వెలిగింపు ఇంకా తొమ్మిది రోజులుందనగా బాపూసాహెబ్ అల్లుడు టేపు పట్టుకుని కొట్టు దగ్గరికి వచ్చాడు. చాలా మర్యాదస్థుడు.

"అక్కా, ఆ కొస కాస్త పట్టుకుంటావా? ఒక్కణ్ణే వచ్చాను."

సుమన్ చేతిలో పాన కింద పెట్టి, చేతులు తుడుచుకుని, తన కొట్టు కొలవడానికి టేపు రెండో కొస పట్టుకుంది. పదకొండడుగులు. అతను కాగితం మీద రాసుకుని, నీళ్ళ గొట్టం ఎటునుంచి వేయిస్తే బావుంటుందని సలహా కూడా అడిగాడు. ఆమె చెప్పింది కూడా.

ఆ మధ్యాహ్నం కార్యవర్గం భోజనానికి వెళ్ళినప్పుడు సుమన్ స్మృతి భవనానికి వెళ్ళింది. వాచ్‌మన్ మారుతి నానా గుమ్మం దగ్గర భాకరీ, వేరుశెనగ పొడి తింటూ దగ్గుతున్నాడు. నాలుగేళ్ళుగా ఆ దగ్గు ఉంది. పగలంతా పెట్రోలు వాసన పీల్చి, రాత్రి ఆ హాల్లోనే పడుకుంటాడు. చలివేస్తే దీపం వైపుకి జరుగుతాడు.

"నానా, దీపం కాస్త దూరంగా జరపకూడదూ?"

"దానికీ తీర్మానం ఉంది పిల్లా. దాని చోటు అదే." కొంచెం నీళ్ళు తాగి, గొంతు తగ్గించి అన్నాడు. "ట్యాపు ఆబాసాహెబ్ తెరిచి వదిలాడంటారు గానీ, ఆ రోజు నేను ఇక్కడే ఉన్నాను. ఆ ముసలాయన సంగతి నాకు తెలీదా? కాలు కింద పెట్టకముందే చెయ్యి ట్యాపు మీదికి పోయేది. మీ నాన్న ఒకసారి మూయడం మర్చిపోతే ఎంత తిట్టాడనుకున్నావ్. 'వసంతా, అది నీ బాబు పెట్రోలా, రైతుల పెట్రోలు' అని."

"మరి తెరిచిందెవరు?"

"దాదాసాహెబే. అధ్యక్షుడైన రోజు ఫోటో దిగాలని ఎక్కి కూచున్నాడు. చేతికేదో తగిలితే తిప్పి చూశాడు. దిగేటప్పుడు ఎవడికి గుర్తుంటుంది?"

"నాలుగేళ్ళుగా చెప్పలేదేం నానా?"

"నన్నెవరైనా అడిగారా? నా పింఛనుకి ఇంకా రెండేళ్ళు ఉంది." భాకరీ ముక్క తుంచాడు. "కార్బొరేటర్లు విప్పితే గంట పడుతుంది, చూసేస్తారు. ట్యాపుకి గంటెందుకు?"

సుమన్ బండి వైపు చూసింది. మారుతి నానా లేచి, చేతులు కడుక్కుని, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. గోడ మీద చలవరాతిలో ఆబాసాహెబ్ సూక్తి చెక్కి ఉంది. దాన్ని గట్టిగా, కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టాడు: "చుక్క, చుక్క, రసమే, చక్కెర, కొండ." ఎప్పుడూ లేనిది, మూడుసార్లు చదివాడు. మూడోసారి పూర్తయ్యేసరికి ట్యాపు కిర్రుమంది. ఆఖరి చుక్క కాసేపు వేలాడి, ఆలోచించుకుని పడింది. తరవాత హాల్లో ఎంత నిశ్శబ్దం అలుముకుందంటే, కరెంటు పోయిందేమోనని ఆఫీసు గుమాస్తాలు బయటికి వచ్చి చూశారు.

ఇరవై రెండో తీర్మానం: ఎన్నడూ కారని మోటారు సైకిలు ఇప్పుడు సంపూర్ణంగా కారడం మానేసింది. దీనికి కారణమైన ఇటుకకి, పుణే నిపుణుడికి, రసాయన శాస్త్రవేత్తకి, కార్యవర్గం అవిశ్రాంత కృషికి అభినందనలు. సబ్బు పేరు కూడా ఉంది. సుమన్ పేరు లేదు, కానీ ఆమె కాగితం మీద దాదాసాహెబ్ ముందే సంతకం పెట్టేశారు. వేదిక మీద అందించడమే తరువాయి. ట్యాపు పిడి ఎటు తిరిగి ఉందో ఎవరూ చూడలేదు. పవిత్ర వస్తువులని అంత పరీక్షగా చూసే అలవాటు అక్కడ లేదు.

బాపూసాహెబ్ అల్లుడు మాత్రం ఆ వారం బంకులో కనిపించాడు. ధర విని అదిరిపోయాడట.

సుమన్‌కి ఒక్కటే బెంగ. తొమ్మిది రోజుల్లో కార్బొరేటరు గిన్నెల్లో మిగిలిన పెట్రోలు ఆరిపోతుంది. ట్యాపు తెరవకుండా బండి స్టార్టు కాదు. వెలిగింపు రోజు ఉదయం బండి తుడిచేటప్పుడు తెరిచేద్దామనుకుంది. ఏటా తుడిచేది తనే. కానీ బాగుపడిన బండికి భద్రత పెంచారు. చుట్టూ తాళ్ళు కట్టి, నలుగురు సెక్యూరిటీవాళ్ళని నిలబెట్టారు. తెల్లారి గుడ్డ పట్టుకుని వెళ్తే కాపలాదారు జాబితా చూసి తల అడ్డంగా ఊపాడు.

"తాయీ, నీ పేరు లేదు."

"తుడిచేది నేనే కదా భావూ."

"ఈసారి తుడిచేవాళ్ళు ముగ్గురూ డైరెక్టర్లే. ఫోటోలు ఉన్నాయిగా."

బాయిలరు వెలిగింపు రోజు అయిదు వేల మంది సభ్యులు వచ్చారు. అందరూ మోటారు సైకిళ్ళ మీదే వచ్చి, కోసిన చెరకు తోటలో వరసగా నిలిపారు. హల్గీ డప్పులు మోగాయి. మంత్రిగారి తలకి కాషాయం ఫేటా చుట్టారు. తొలి చెరకు బళ్ళు గేటు నుంచి ఏటి వంతెన దాకా నిలిచాయి. ఎద్దులు నెమరేస్తున్నాయి. కోసిన చెరకు ఎండలో బరువు తగ్గిపోతోంది.

దాదాసాహెబ్ తాతగారిలాగే ధోవతి దోపుకుని మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా, ఆబాసాహెబ్ మనకి ఏం నేర్పారు? త్యాగం నేర్పారు. సహకారం నేర్పారు. ఈ బండి యంత్రం కాదు, ఒక ఆలోచన. ఆలోచనకి మరమ్మతు ఉండదు. అది ఒక్క తన్నుతో కదులుతుంది. చూడండి."

తన్నారు. కదల్లేదు. మళ్ళీ తన్నారు. హల్గీవాళ్ళు ప్రతి తన్నుకీ ఉత్సాహంగా దరువు వేశారు. పదిహేనో తన్నుకి ఆయన ఫేటా జారింది. ఇరవై మూడో తన్నుకి బాపూసాహెబ్ అందుకున్నారు. ఆయన ఎనిమిది తన్నాక కూర్చోబెట్టి మంచినీళ్ళు పట్టారు. భవనాల ఇంజనీరు ఇటుక తెప్పించమన్నాడు. రసాయన శాస్త్రవేత్త ట్యాంకు మూత తీసి వాసన చూసి, చక్కెర లేదని మరోసారి ధ్రువీకరించాడు. మంత్రిగారు వాచీ చూసుకున్నారు.

ముందు వరసల్లో రైతులు కొంత మాట్లాడుకున్నారు.

"పెట్రోలు అందట్లేదురా."

"ఎలా అందుతుంది? ట్యాపు మూసుంది. పిడి అడ్డంగా ఉంది, ఇక్కణ్ణుంచే కనబడుతోంది కదా."

"చెప్పు మరి."

"నువ్వు చెప్పు మామా. నా చెరకు కోత చీటీ ఇంకా రాలేదు."

"నాదీ రాలేదు."

ఎవరి చెరకు ముందు కోయాలో, ఎవరిది ఎండాలో ఆ చీటీ చెబుతుంది. చీటీ మీద సంతకం దాదాసాహెబ్‌ది. కాబట్టి అయిదు వేల మంది నిపుణులు నిశ్శబ్దంగా నిలబడి, సంస్థాపకుల బండి పట్ల తమ గౌరవాన్ని చాటుకున్నారు.

ముప్ఫయ్యారో తన్ను తరవాత దాదాసాహెబ్ మైకు దగ్గరికి వచ్చి, ఇది కుట్ర అన్నారు. సంస్థ ప్రగతిని ఓర్వలేని శక్తులు బండిని పాడుచేశాయని, హాల్లో రాత్రింబవళ్ళు ఉండే మనిషి ఒక్కడేనని, అతన్ని వేదిక మీదికి తీసుకురమ్మని చెప్పారు. మారుతి నానాని ఇద్దరు రెక్కలు పట్టుకుని తెచ్చారు. ఆయన టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఎవరు పాడుచేశారో చెప్పమంటే దగ్గాడు. పింఛను రానివ్వనన్నా దగ్గాడు. ఎవరి పేరూ చెప్పలేదు.

సుమన్ కాగితం వేదిక మీద బల్ల మీదే ఉంది. ఎగిరిపోకుండా దాని మీద కొబ్బరికాయ పెట్టారు. సంతకం కింద నుంచి కనబడుతోంది. ఆమె ఆ కాగితాన్నీ, నానా చేతిలో టోపీనీ చూసింది. తరవాత తాళ్ళ కింద నుంచి వంగి లోపలికి వెళ్ళింది. కాపలాదారు జాబితా తెరిచేలోపలే ఆమె బండి దగ్గరుంది.

"నానాని వదలండి దాదా. ట్యాపు మూసింది నేను."

పిడి కిందికి తిప్పింది. రెండు కార్బొరేటర్ల నెత్తిన ఉన్న చిన్న మీటలు ఒకదాని తరవాత ఒకటి నొక్కి పట్టింది. వేలికి తడి తగిలేదాకా నొక్కాలి. పాత బండి అంతే, రవ్వంత కారనిస్తే గానీ కదలదు. ఎంత కారనివ్వాలో తెలిసినవాడే మెకానిక్కని ఆమె తండ్రి అంటుండేవాడు. తడిసిన వేళ్ళు కొంగుకి తుడుచుకుంది.

"ఇప్పుడు తన్నండి."

మొదటి తన్నుకే బండి లేచింది. ఆ చప్పుడు విని వంతెన మీద ఎద్దులు కూడా తల తిప్పాయి. జనం ఫేటాలు ఎగరేశారు. దాదాసాహెబ్ బండి ఎక్కి, చెయ్యి ఊపుతూ బాయిలరు దాకా వెళ్ళి నిప్పు పెట్టి, ఇదంతా ఆబాసాహెబ్ ఆశీర్వాదమన్నారు. గానుగ తిరిగింది. చెరకు బళ్ళు కదిలాయి.

ఆ రోజే అత్యవసర సమావేశం జరిగింది. ముప్ఫయ్యొకటో తీర్మానం: సంస్థ పరువు నిలిపిన శ్రీమతి సుమన్ లోహార్‌కి శాలువా కప్పి, కొబ్బరికాయ ఇచ్చి సన్మానించాలి. ముప్ఫయ్రెండో తీర్మానం: పవిత్రమైన ట్యాపుని రెండుసార్లు, అనగా మూయుటకు ఒకసారి, తెరచుటకు ఒకసారి ముట్టుకున్న సదరు సుమన్ లోహార్ కొట్టు అనుమతి రద్దు చేయాలి. రెండింటినీ ప్రతిపాదించింది బాపూసాహెబే, బలపరిచింది ఒక్కరే. రెండూ ఏకగ్రీవం. శాలువా అయిదు గంటలకి, తాళం అయిదున్నరకి. కొబ్బరికాయ కింద కాగితం దేనికీ అడ్డం రాలేదు. కొబ్బరికాయతోపాటు దాన్ని ఎవరో తీసేశారు.

ట్యాపు విషయంలో ఒక చిక్కు వచ్చింది. ఇప్పుడు దాని మీద చివరి హస్తం ఆబాసాహెబ్‌ది కాదు, ఒక మెకానిక్కుది. కార్యవర్గం గంటసేపు తర్జనభర్జన పడి, ఆ క్షణంలో ఆమె చేతిలో పనిచేసింది ఆబాసాహెబ్ హస్తమేనని నిర్ణయించింది. అయితే మరి కొట్టు తీసేసింది ఎవరి తప్పుకని అడిగేవాళ్ళు సమావేశంలో లేరు. బండిని హాల్లోకి తెచ్చారు. ట్యాపు తెరిచే ఉంది. ట్యాంకు నింపారు. దీపంలో నూనె పోశారు. రాగి పళ్ళెం తోమి మళ్ళీ పెట్టారు.

సుమన్ పానాలు, స్క్రూడ్రైవర్లు శాలువాలో మూట కట్టుకుంది. సన్మానాల్లో ఇచ్చే శాలువా అంత బరువు ఆగుతుందని ఎవరూ అనుకోలేదు. స్మృతి భవనం ముందు ఆగి, ఇత్తడి సూదుల అగ్గిపెట్టె మారుతి నానా చేతిలో పెట్టింది.

"ఎవరైనా అడిగితే ఇవ్వు నానా. గంట పని."

"ఎవరడుగుతారు?" అన్నాడు గానీ, అగ్గిపెట్టెని పింఛను కాగితాల సంచిలో జాగ్రత్తగా దాచుకున్నాడు. లోపల టప్పు మంది. ఆయన వెళ్ళి తన చాప దీపానికి దూరంగా, గోడ దాకా జరుపుకున్నాడు. దానికి తీర్మానం లేదు.

సభ్యులు అయిదు వేల మందీ ఊళ్ళకి బయల్దేరారు. దారంతా సుమన్ మాటే. ఘోరం జరిగిందన్నారు. ఆబాసాహెబ్ ఉంటే ఇలా జరిగేదా అన్నారు. రేపెప్పుడో దీపం అంటుకుంటే హాలు బుగ్గవుతుందన్నారు. ఎవరో ఒకరు అడగాలన్నారు. బండి చప్పుడులో వినబడదని గట్టిగానే అన్నారు. అంతా సభ్యులే, వాటాదారులే. కర్మాగారమూ, హాలూ, అందులో టప్పు టప్పుమని కారుతున్నదీ అన్నీ వాళ్ళవే. ఆ సంగతి వాటా పత్రం మీద అచ్చయి ఉంది. పత్రాన్ని అద్దం కట్టించి దేవుడి పటాల పక్కన పెట్టుకున్నారు.

ఇళ్ళు చేరాక ఒక్కొక్కరే ఇంజను ఆపారు. కాలు నేల మీద పెట్టకముందే చెయ్యి కిందికి పోయి, వెతుక్కోకుండా ట్యాపు మూసింది. ఎవరూ చెప్పక్కర్లేదు. మీకైనా, నాకైనా ఎవరూ చెప్పక్కర్లేదు. అది సొంత పెట్రోలు.